వేడి ఒకచోట, అరుపు ఒకచోట

రేడియో వెలుగు ఉండాల్సిన గెలాక్సీని వదిలేసి పక్కదాని మీదికి పోయిందని అర్షీన్ కనిపెట్టేసరికి, ఆమె థీసిస్‌ను తీసుకుపోవాల్సిన కారు అప్పటికే దుబ్బాకలో బయలుదేరింది.

చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టింది. మళ్ళీ తీసింది. ఐదో అధ్యాయంలో వరుసగా వచ్చే రెండు పటాలవి. మొదటిది ఇన్‌ఫ్రారెడ్‌ది. మధ్యలో రెండు గెలాక్సీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. ఎడమది మండిపోతోంది, కుడిది మినుకుమంటోంది. రెండో పటం రేడియోది. అవే గెలాక్సీలు. ఇక్కడ కుడిది మండిపోతోంది, ఎడమది మినుకుమంటోంది.

రెండు పటాల్లోనూ ఎడమదే మండాలి. నాలుగేళ్ల పరిశోధన ఆ ఒక్క మాట మీద నిలబడింది.

"కృపా, గీ పేజీ సరిగ్గనే వచ్చిందా?"

కృప కత్తెర పట్టుకుని ఫ్లెక్సీ అంచులు కోస్తోంది. సిద్దిపేట బస్టాండు దగ్గర అమీనుద్దీన్ నడిపే ఫ్లెక్సీ, డీటీపీ దుకాణంలో ఆపరేటర్ ఆమె. తలెత్తకుండానే అంది. "మంచిగనే వచ్చింది గదక్కా. ఇంకు సుత కారలే."

"ఇంకు కాదు. బొమ్మ."

"బొమ్మ మీరు తెచ్చిందే. పెన్‌డ్రైవ్‌ల ఏముంటే గదే కొట్టిన."

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, బడులు లేవు, ఆఫీసులు లేవు. గనుల్లో బొగ్గు ఆగి కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలీదు. ఊరు ఊరంతా షట్టర్లు దించినా అమీనుద్దీన్ దుకాణాన్ని మాత్రం ఎవరూ మూయించరు. బంద్ చేయాలన్నా బ్యానర్ కావాలి కదా. హైదరాబాద్‌లో యూనివర్సిటీ చుట్టుపక్కల ప్రింటింగ్ షాపులన్నీ మూతబడితే, అర్షీన్ తన థీసిస్ మేనమామ దుకాణంలోనే ప్రింటు తీయించుకోవాలనుకుంది అందుకే.

జనరేటర్ నడుస్తోంది. కృప కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ తెరిచి చూపించింది. తెర మీదా అదే పటం. కుడిది మండిపోతోంది.

అర్షీన్ తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వంగింది. తప్పు ప్రింటులో లేదన్న మాట. పటంలోనే ఉంది.

"ఏందక్కా, గంత పరేషాన్ అయితున్నవ్? రెండు చుక్కలే గదా?"

"కృపా, ఒక గల్లీ అనుకో. కండ్లకు ఏం కనవడకుండ దుమ్ము లేసింది. పక్కపక్కన రెండిండ్లు. ఒక ఇంటి గోడ ముట్టుకుంటే కాలుతున్నది. అంటే లోపల పెద్ద పొయ్యి ఉన్నట్టు. అవునా?"

"అవు."

"అదే ఇంట్ల నుంచి అరుపు గూడ ఇనవడుతున్నది. గోడ కాలుడు ఇన్‌ఫ్రారెడ్. అరుపు రేడియో. దుమ్ము వెలుగును ఆపుతది గని అరుపును ఆపలేదు. ఒకే ఇంట్ల రెండూ ఉన్నయ్ గాబట్టి, లోపల ఉన్నది మామూలు పొయ్యి కాదు, కృష్ణబిలం అని నేను రాసిన. ఇప్పుడు సూడు. గోడ కాలేది ఈ ఇంట్ల. అరుపు వచ్చేది పక్కింట్ల."

కృప కత్తెర ఆపింది. "అంటే నువ్వు తప్పింటి తలుపు కొట్టినవా అక్కా?"

అంతకంటే సూటిగా చెప్పడం పరీక్షకుడి వల్ల కూడా కాదు.

విషయం నిజానికి ఇంకాస్త చిక్కుది. కొత్తగా పుట్టే నక్షత్రాలు కూడా దుమ్మును వేడెక్కిస్తాయి. ఆ దుమ్మే ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంది. వాటిలో పెద్దవి త్వరగా చచ్చి పేలిపోతాయి. ఆ పేలుడుకు ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో పరుగు తీసి, అయస్కాంత క్షేత్రాల్లో సుడులు తిరుగుతూ రేడియో తరంగాలు వదులుతాయి. అందుకే నక్షత్రాలు పుట్టే గెలాక్సీల్లో ఇంత వేడికి ఇంత అరుపు అని ఒక లెక్క కుదిరి ఉంటుంది. అర్షీన్ ఎంచుకున్న గెలాక్సీలో అరుపు ఆ లెక్కను ఎన్నో రెట్లు దాటేసింది. నక్షత్రాలకు అంత గొంతు లేదు. దుమ్ము తెర వెనక ఎవరికీ కనపడని కృష్ణబిలం ఒకటి ఉండి, చుట్టూ ఉన్నదాన్ని మింగుతూ, మింగలేనిదాన్ని పిచికారీలా చిమ్ముతోందని ఆమె వాదన. అరుపు పక్క గెలాక్సీదైతే ఆ లెక్క దాటనే లేదు. కృష్ణబిలమూ లేదు. థీసిసూ లేదు.

ఫోన్ తీసి జోయల్‌కు కలిపింది. యూనివర్సిటీలో ఆమెతో పాటు పరిశోధన చేస్తున్న మిరుదొడ్డి అబ్బాయి. ఎండాకాలంలో అర్షీన్ హార్డ్ డిస్క్ పాడైపోతే ఈ రేడియో పటాన్ని మళ్ళీ చేసి పంపింది అతనే. అది సమ్మె మొదలవబోతున్నప్పుడు అందింది. హాస్టల్ ఖాళీ చేసే తొందరలో, చూసీ చూడనట్టు అధ్యాయంలో అతికించేసింది.

"ఏం మేడం, డాక్టర్ అయినవా?" జోయల్ గొంతు వెనక నినాదాలు వినిపిస్తున్నాయి.

"జోయల్, నువ్వు పంపిన పటంల ఏ గెలాక్సీ వెలుగుతున్నది? ఎడమదా, కుడిదా?"

"గట్ల అడిగితే ఏం చెప్పాలె? గా వారంల ఎన్ని పటాలు చేసిన్నో నాకే ఎరుక లేదు."

"గుర్తు తెచ్చుకో. నా ప్రాణం మీదికొచ్చింది."

జోయల్ గొంతులో నవ్వు పోయింది. "చూడు అర్షీన్, నేను టెలిస్కోప్ డేటా నుంచి సీదా చేసిన. నా దాంట్ల కిరికిరి ఉండదు. నువ్వు పాతది చేసినప్పుడు పొరపాటు జరిగిందేమో?"

"అంటే నాలుగేండ్ల సంది నేనే తప్పు చూస్తున్నానా?"

"నేను గట్ల అనలే. డిపార్ట్‌మెంట్‌కు పోయి చూద్దునంటే గేటు బయట పోలీసులు, లోపల మనోళ్ళు. నడుమ నేను పోతే రెండు దిక్కుల దెబ్బలు పడతయ్."

"మెయిల్‌ల చూద్దామంటే గీడ పొద్దటి సంది నెట్టు లేదు."

"గీడ సుత లేదు," అన్నాడు జోయల్. చాలా మెల్లగా.

ఫోన్ పెట్టేసింది. ఇక మిగిలింది ఒక్క పని. గైడ్ ప్రొఫెసర్ రాజమల్లయ్యకు చెప్పడం. సమ్మెలో సొంతూరు దుబ్బాకలో చిక్కుకుపోయిన ఆయన, ఎలాగో ఒక కారు సంపాదించి హైదరాబాద్ పోతున్నాడు. అక్కడి నుంచి పూణే. ఆ ఊళ్ళోని పరీక్షకుడు విదేశానికి పోయేలోపు థీసిస్ తన చేత్తోనే ఇస్తానన్నాడు. ఇవాళ ఇవ్వకపోతే మళ్ళీ ఎన్ని నెలలో. తప్పుతో ఇస్తే ఇంకెప్పటికీ లేదు. అచ్చులో పడ్డ తప్పును చచ్చినా దాచలేమని ఆయనే వెయ్యిసార్లు చెప్పాడు.

"సార్, ఐదో అధ్యాయం తప్పయింది. తీసుకపోవద్దు."

ఫోన్‌లో ఇంజను చప్పుడు మీదుగా ఆయన గొంతు పెంచాడు.

"ఎవరు చెప్పిన్రు తప్పని?"

"నేనే చూసిన సార్. ఇన్‌ఫ్రారెడ్ ఒక గెలాక్సీది, రేడియో ఇంకో గెలాక్సీది."

"రోడ్డు మీద రాళ్ళు పెట్టిన్రు, పిల్లలు తీస్తున్నరు. జరసేపట్ల వస్త. నేనొచ్చే దాంక ఆ కాగితాలను చింపకు, ఏడ్వకు. రెండూ నీకు అలవాటే."

ఏడవలేదు. ఏడవడానికి దుకాణంలో చోటు కూడా లేదు. అప్పుడే యాదగిరి లోపలికొచ్చాడు. ఆటో నడుపుతాడు, దీక్షా శిబిరం పనులన్నీ నెత్తిన వేసుకుంటాడు.

"అమీన్ భాయ్, మా బ్యానర్ అయిందా?" అని గోడకు ఆనించిన ఫ్లెక్సీని వంగి వంగి చూశాడు. "ఈసారి సిద్దిపేట ఎటు దిక్కున్నది? బస్సులు లేవు గని, లేకుంటే టికెట్ తీసుకొని పోయి చూసొద్దుము."

లోపలి గదిలోంచి అమీనుద్దీన్ గొంతు వినపడింది. "తీస్కపోవోయ్, నకరాలు చెయ్యకు."

"నీ మీద కోపం లేదు భాయ్. ఖమ్మమోళ్ళు ఫోన్ చేసిన్రు. మా ఊరు మాకు వాపస్ ఇయ్యిమంటున్నరు."

కృప నవ్వాపుకుంది. యాదగిరి ఫ్లెక్సీ చుట్టుకుని పోయాడు. అర్షీన్‌కు అదేమీ చెవికెక్కలేదు. రెండు పేజీలనూ పట్టుకుని దుకాణం ముందున్న గాజు అద్దం దగ్గరికి నడిచింది. ఎండ అద్దానికి అవతలి నుంచి గట్టిగా కొడుతోంది. కాగితాలను ఒకదాని మీద ఒకటి పెట్టి అద్దానికి అదిమింది. దేవుడు దయతలిస్తే కంటికి ఏదో పొరపాటు జరిగి ఉండాలి.

పొరపాటేమీ లేదు. ఇన్‌ఫ్రారెడ్ మంట ఎడమన. రేడియో మంట కుడిన.

కాగితాలు తీసేయబోయి ఆగింది.

పటంలో ఆ రెండు గెలాక్సీలే లేవు. అంచుల్లో మూడు చిన్న చుక్కలున్నాయి. ఎక్కడో వెనక, ఎంతో దూరంలోని గెలాక్సీలు. ఆమె వాదనతో వాటికి ఏ సంబంధమూ లేదు. అందుకే ఎవరూ వాటిని చూడరు. ఇన్‌ఫ్రారెడ్‌లో ఒకటి పైన ఎడమ మూలలో, రెండు కింద కుడివైపు. రేడియోలో కూడా అవి అక్కడే ఉండాలి. లేవు. ఒకటి పైన కుడి మూలకు, రెండు కింద ఎడమకు పోయి కూర్చున్నాయి.

అరుపు పక్కింటిదైతే కావచ్చు. ఒక ఇల్లు మారితే నమ్మవచ్చు. గల్లీలో ఇళ్ళన్నీ ఒకేసారి లేచి అటువైపు వరుసలో కూర్చుంటాయా?

 రేడియో పేజీని మెల్లగా తీసింది. వెనక్కి తిప్పింది. అచ్చు వైపు అద్దం దిక్కు ఉండేలా ఇన్‌ఫ్రారెడ్ పేజీ మీద పెట్టి, అంచులు కలిపి అదిమింది.

మూడు చుక్కల మీద మూడు చుక్కలు పడ్డాయి. మంట మీద మంట పడింది.

"కృపా!"

"ఏందక్కా, ఏమైంది?" కృప ఉరికొచ్చింది.

"చూడు. చూడు. గోడ కాలే ఇంట్లనే అరుపు. పటాన్ని ఎవరో తిప్పేసిన్రు. అద్దంల చూసినట్టు తిరగబడ్డది. ఆకాశం సల్లగున్నది. నా గెలాక్సీ సల్లగున్నది. నా కృష్ణబిలం ఏడికీ పోలే!"

కృప కళ్ళు చిట్లించి ఎండలోకి చూసింది. "అవునక్కా! సూదిల దారం ఎక్కినట్టు కలిసింది."

అర్షీన్ అక్కడే, ఫ్లెక్సీ ముక్కల మధ్య నేల మీద కూర్చుండిపోయింది. నవ్వు వస్తోంది. ఆగడం లేదు. కృప కూజాలోంచి నీళ్ళు తెచ్చి ఇస్తే గ్లాసు ఖాళీ చేసి ఇంకోటి అడిగింది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు తాగలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. జోయల్‌కు ఫోన్ చేసింది.

"నీ పటం సరిగ్గనే ఉన్నది. నా పాతది గూడ సరిగ్గనే ఉన్నది. ఇద్దరం మంచోళ్ళమే."

"మరి తప్పెవరిది?"

"ఇంకా తెల్వదు."

"తెల్వకున్నా మంచిదే గని, నన్ను అనుమానించినందుకు నీ డాక్టరేట్ దావత్‌ల నాకు రెండు ప్లేట్ల బిర్యానీ."

"మూడు తిను."

లేచి పేజీని మళ్ళీ చూసింది. భయం పోయాక కన్ను పదునెక్కింది. పటం పక్కన ఉత్తరానికి ఎన్, తూర్పుకు ఈ అని ఇంగ్లిషు అక్షరాలు ఉన్నాయి. తూర్పు కుడివైపు ఉంది. ఏ ఖగోళ శాస్త్రవేత్తా అలా రాయడు. నేల పటాన్ని మనం పైనుంచి కిందికి చూస్తాం కాబట్టి తూర్పు కుడికి వస్తుంది. ఆకాశాన్ని కిందినుంచి పైకి చూస్తాం. డాబా మీద వెల్లకిలా పడుకుని తల ఉత్తరానికి పెడితే తూర్పు ఎడమ చేతికే వస్తుంది. పైగా ఆ అక్షరాలు జోయల్ వాడే సన్న అక్షరాలు కావు. బలిసిన, నల్లటి, బ్యానర్ల మీద కనిపించే అక్షరాలు.

బయట కారు ఆగింది. రాజమల్లయ్య లోపలికి వచ్చాడు. చొక్కా అంతా దుమ్ము. అర్షీన్ ఆయన్ని నేరుగా అద్దం దగ్గరికి తీసుకుపోయి రెండు పేజీలూ కలిపి చూపించింది. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి, కిందికి దించి, మళ్ళీ పైకి నెట్టి చూశాడు. ఆ తర్వాత పెద్దగా ఊపిరి వదిలాడు.

"నువ్వు ఫోన్ చేసినప్పటి సంది నా పానం పానంల లేదు. పరీక్షకుడికి ఏం చెప్పాలె అనుకుంట వచ్చిన." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మంచి పని చేసినవ్. చిన్న చుక్కలను చూసినవ్. పెద్దవాటిని ఎవడన్న చూస్తడు."

"తీసుకపోతరా సార్? ఈ ఒక్క పేజీ మార్చి ఇస్తం."

ఆయన మొహం మళ్ళీ గంభీరమైంది. "తీసుకపోత. గని ఒకటి చెప్పు. ఈ పటం దానంతట అదే తిరగదు. ఎవరో తిప్పిన్రు. తిప్పినోళ్ళు ఇదొక్కటే తిప్పిన్రా? ఇంకేమన్న ముట్టుకున్నరా? అది తెల్వకుండ ఈ కట్టల ఏ పేజీని నమ్మాలె?"

అర్షీన్ థీసిస్ కట్టను చేతుల్లోకి తీసుకుంది. అన్ని పటాలనూ అద్దానికి పెట్టి చూసేంత వ్యవధి లేదు. అంకెలు ఎవరైనా మార్చి ఉంటే అద్దం కూడా చెప్పదు. ఆమె కృప వైపు చూసింది. రాజమల్లయ్య కూడా చూశాడు.

కృప మొహం పాలిపోయింది. "నేను ముట్టలేదు సార్. యేసయ్య సాక్షి. పెన్‌డ్రైవ్ తెరిచిన, ప్రింటు కొట్టిన, గంతే. నాకు గవి గెలాక్సీలని సుత ఇయ్యాలనే ఎరుకైంది."

"కోపం లేదమ్మా," అన్నాడు రాజమల్లయ్య. "ఎవరన్నది కాదు నాకు. ఎన్ని అన్నది కావాలె."

"నేను ముట్టలే సార్!"

లోపలి గది తెర కదిలింది. అమీనుద్దీన్ బయటికొచ్చాడు. నెరిసిన గడ్డం, చేతులకు బైండింగు జిగురు. ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు ఒకప్పుడు ఆయన కుంచెతో రాసినవే. అర్షీన్ వైపు కాకుండా ఫ్యాను వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"పోరిని అనకున్రి సార్. ఆమె సుద్ద పూస. నేనే తిప్పిన."

"మామూ, నువ్వా?"

"నేనే బేటీ. వారం కింద దీక్ష టెంటుకు తెలంగాణ పటం కొట్టిచ్చిన. జీపు అద్దానికి లోపలి దిక్కు అతికేసే స్టిక్కర్ ఉంటది చూడు, దానికి పటం ఉల్టా చెయ్యాలె. గా ఉల్టా పటం పోయి ఫ్లెక్సీల పడ్డది. టెంటు మీద కట్టినంక చూస్తే ఖమ్మం పోయి కర్ణాటకను ఆనుకున్నది. మెదక్ పోయి ఎటో పడ్డది. ఇరవై ఏండ్లు కుంచె పట్టిన్నేను, ఒక్క అక్షరం ఒంకర పోనియ్యలే. ఇప్పుడు చాయ్ తాగనీకి పోయినా దిక్కులు అడుగుతున్నరు. యాదగిరి గాడు ఇప్పుడే ఏమన్నడో నువ్వు ఇన్నవ్ గదా. గప్పటి సంది ఏ పటం కనవడ్డా నా కండ్లు ముందుగాల తూర్పు దిక్కే పోతున్నయ్. నిన్న పొద్దుగాల కృప రాకముందు నీ కాగితాలు ఎట్లున్నయో చూద్దామని కంప్యూటర్‌ల నీ పెన్‌డ్రైవ్ తెరిచిన. ఒక పటంల తూర్పు ఎడమ చేతికున్నది. నాకు చెమటలు పట్టినయ్. అరే, నేను చేసిన గలతీనే నా భాంజీ సుత చేసింది, సిద్దిపేటల నన్ను నవ్వినట్టు పూణేల దీన్ని నవ్వుతరు అనుకున్న. నీకు చెప్తే చిన్నబోతవని చెప్పలే. చుప్‌చాప్ పటాన్ని సీదా చేసిన. అక్షరాలు ఉల్టా అయితే తుడిచి, నా చేతులతోని మళ్ళ కొట్టి, సేవ్ చేసిన. దానికంటె పెద్ద మేలు ఎవ్వలికి చెయ్యలేదనుకొని రాత్రి మంచిగ నిద్రపోయిన. ఒక్కటే సార్. అల్లా కసం, ఒక్కటే. మిగతా పటాలకు దిక్కులు రాసి లేవు గన్క బతికిపోయినయ్. రాసుంటే అన్నీ తిప్పుతుంటి. గని మీరే చెప్పున్రి, ఆకాశంల తూర్పు ఎడమ చేతికి ఉంటదని నాకు ఎవలు చెప్పిన్రు?"